బాపు సీకో ఫైవ్ డయల్ కొత్తగా వేయించాలా, అట్లనే ఉంచాలా?

ఎర్రమట్టి, జగిత్యాల

అందరికి నమస్తే. ఇక్కడ రాసుడు ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండ్రి.

మా బాపు కాలం చేసి మొన్న దసరాకు ఏడాదైంది. ఆయన సందుగ ఇన్ని రోజులు ముట్టబుద్ధి కాలేదు. పోయిన నెల తీసి సర్దుతుంటే అడుగున రెండు పాత పాస్‌పోర్టులు, దస్తీల చుట్టి పెట్టిన సీకో ఫైవ్ వాచీ దొరికినయ్. బాపు 1979ల దుబాయ్ పోయిండు, 1992ల పూర్తిగ వచ్చేసిండు. అక్కడ సెంట్రింగ్ పని. ఆ వాచీ నా చిన్నప్పుడు ఆయన చేతికి చూసిన. పెండ్లిళ్లకు, పండుగలకే పెట్టుకునేటోడు. పొలం కాడికి పోయేటప్పుడు తీసి అమ్మ చేతుల పెట్టి పోయేటోడు.

ఎట్లున్నదో చెప్త. డయల్ ఒకప్పుడు వెండి రంగు, ఇప్పుడు ఎండుగడ్డి రంగుకు తిరిగింది. నాలుగు గంటల గీత దగ్గర నువ్వుగింజంత నల్ల మచ్చ. గ్లాసు నిండ గీతలు, ఎండల పెడితే పొగమంచు లెక్క కనబడుతది. చైన్ వదులు. వెనక మూత మీద 7009-876ఎ అని ఉన్నది, ఇంకో ఆరంకెల నంబరున్నది, అది 47తోని మొదలైతది. తేదీ పక్కన వారం అరబ్బీల కనబడుతున్నది. ఊపితే నడుస్తది, రెండు మూడు గంటలకు ఆగిపోతది. కీ తిప్పి చాబీ ఇద్దామంటే ఊరికే తిరుగుతది.

కరీంనగర్‌ల ఒక దుకాణంల చూపించిన. ఆయన "డయల్ కొత్తగ వేయిస్త, కేసు పాలిష్ కొడ్త, గ్లాసు మారుస్త, 1,400 ఇయ్యి, నిన్నగాక మొన్న కొన్నట్టు చేసిస్త" అన్నడు. ఇంకొకాయన "నాకే ఇచ్చెయ్, 1,500 ఇస్త" అన్నడు. అమ్ముడు ముచ్చటే లేదు. కని డయల్ వేయించాలా వద్దా అని మనసు తేల్చుకుంటలేదు. ఇది అసలుదేనా? మొదటి జీతంతోని కొన్న అని బాపు చెప్పేటోడు, అంటే 1979 లేదంటే 80 కావాలె. అది నంబరును బట్టి తెలుస్తదా?

ఇంకో సంగతి. దీన్ని చూసినకాన్నించి పాత జపాన్ వాచీల మీద మనసు పడ్డది. ఆన్‌లైన్‌ల ముంబై నుంచి ఒక సీకో ఫైవ్ 2,400కు పెట్టిండ్రు. నారింజ రంగు డయల్, మెరుస్తున్నది, 1970ల నాటిదట. కొనొచ్చునా?


నీలికాలువ, నెల్లూరు

అన్నా, నా మటుకు నేను వేయించేయమంటాను. మా మావయ్య సిటిజన్‌కి నేను మూడేళ్ల కిందట డయల్ కొత్తగా వేయించా. ముందు చేతికి పెట్టుకోవాలంటేనే మొహమాటంగా ఉండేది, ఇప్పుడు రోజూ ఆఫీసుకి అదే. పెట్టెలో పెట్టి దాచుకునేకంటే చేతికి ఉంటేనే కదా ఆయన గుర్తుకొచ్చేది. వాచీ అన్నది టైము చూసుకోడానికి. మచ్చలు దాచుకుని ఏం చేస్తాం? పాలిష్ మాత్రం గట్టిగా కొట్టనివ్వొద్దు, మావయ్య వాచీకి అంచులు గుండ్రంగా అయిపోయాయి, అదొక్కటే నాకు బాధ.


రిపేరుబల్ల, విజయవాడ

ఎర్రమట్టి గారూ, ముందు ఒక్క మాట. ఆ డయల్‌ని ఎవరి చేతికీ ఇవ్వకండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

నేను ముప్పై నాలుగేళ్లుగా వాచీలు బాగుచేస్తున్నాను. మా నాన్న బల్ల పక్కన కూర్చునే నేర్చుకున్నాను, అదీ హెచ్ఎంటీల మీద. 1961లో హెచ్ఎంటీ వాళ్లు బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతోనే. అందుకని హెచ్ఎంటీ జనతా వాచీ మూత తీసి పెరిగినవాడికి జపాన్ మిషన్ పరాయిదనిపించదు. అయినా జనతాకి రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి, మీ సీకోకి అక్కర్లేదు. అక్కర్లేదు అనడం కాదు, అసలు ఇవ్వలేరు. 7009లో కీ తిప్పి స్ప్రింగు బిగించే ఏర్పాటు పెట్టలేదు, చెయ్యి కదిలితే అదే బిగుస్తుంది. కాబట్టి మీది ఊరికే తిరుగుతోందంటే చెడిపోయిందని కాదు, దాని తీరే అంత. దుకాణంలో ఎవరైనా "కీ పోయింది, మార్చాలి" అంటే నమ్మకండి.

నంబరు సంగతి. వెనక మూత మీది మొదటి నాలుగంకెలు, 7009, మిషన్ నంబరు. గీత తర్వాతది కేసు నంబరు. ఆరంకెల సీరియల్‌లో మొదటి అంకె ఏడాదిలో చివరిది, రెండోది నెల. జనవరి నుంచి సెప్టెంబరు దాకా 1 నుంచి 9. అక్టోబరుకి సున్నా లాంటి ఓ, నవంబరుకి ఎన్, డిసెంబరుకి డి. మీది 47, అంటే నాలుగుతో ముగిసే ఏడాది, జులై నెల. దశాబ్దం మాత్రం సీరియల్ చెప్పదు, అది మిషన్‌ని బట్టి మనమే తేల్చుకోవాలి. 1974లో 7009 ఇంకా రాలేదు. 1994కి మీ నాన్నగారు ఇంటికొచ్చేసి రెండేళ్లయింది. ఇక మిగిలింది 1984 జులై. వెనక మూత ఎవరూ మార్చకపోతే, ఇది 1979లో కొన్న వాచీ అయ్యే వీలు లేదండి. మీ నాన్నగారి మాటకి అడ్డం వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, అంకె అలా ఉంది.

మూత మార్చారో లేదో చూడడానికి ఒక దారి ఉంది. భూతద్దం తీసుకుని డయల్ ముందువైపే, ఆరు గంటల గీతకి కింద, అంచు వెంబడి చూడండి. జపాన్ అని, దాని పక్కన 7009తో మొదలయ్యే నంబరు చీమ కాళ్లంత అక్షరాల్లో ఉండాలి. గీత తర్వాతి అంకెలు మూత మీది వాటితో కలవకపోయినా పరవాలేదు, అవి డయల్‌వి. మొదటి నాలుగు కలవాలి. కలిస్తే మూత, డయల్ ఒకే మిషన్‌కి చేసినవే.

ఇక మీ నారింజ రంగు వాచీకి ఇదే పరీక్ష పెట్టండి. అమ్మేవాణ్ని ఆరు గంటల కింద దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు, లేకపోతే 6119 అనో 6309 అనో ఉంటుంది, వెనక మూత 7009 అంటుంది. ఈ రకం వాచీలకి దేశదేశాల్లో సేకరించేవాళ్లు పెట్టుకున్న పేరే ముంబై స్పెషల్. పాత సీకో మిషన్ తీసుకుని, దొరికిన కేసులో పెట్టి, డయల్ గీకి కొత్త రంగు పోసి, ఎర్రవీ పసుపువీ ముళ్లు తగిలిస్తారు. సీకో నారింజ డయళ్లు చేసింది, చేయలేదని కాదు. కానీ నలభై ఏళ్ల రంగు నిన్న పెయింటు డబ్బాలోంచి వచ్చినట్టు మెరవదు. భూతద్దంలో చూస్తే అక్షరాల అంచులు ఇంకు పీల్చిన కాగితంలా ఉబ్బి ఉంటాయి. నిమిషాల గీతలు గంట గుర్తుల మధ్యకి రావు, ఒక పక్కకి జరుగుతాయి. తేదీ కిటికీ అంచుకి రంగు కారి గడ్డకట్టి ఉంటుంది. డయల్ మీద 21 జ్యువెల్స్ (మిషన్ లోపలి రాళ్ల లెక్క) అని రాసి ఉంటుంది, మూత తీస్తే లోపల 17 జ్యువెల్స్ 7009. ఇంకో దారుణం ఏమిటంటే, వేరే మిషన్ డయల్ తెచ్చి, దాని కింది కాళ్లు కత్తిరించి జిగురుతో అంటిస్తారు. అది ఒక రోజు ఊడి ముల్లుకి తగులుతుంది. ఆ వాచీకి 2,400 కాదు, నేనైతే మిషన్ ఖరీదు తప్ప ఇవ్వను.

డయల్ విషయంలో నేనెందుకింత పట్టుపడుతున్నానో చెబుతాను. నాకు ఇరవై రెండేళ్లప్పుడు విశాఖ నుంచి ఒక పెద్దాయన వచ్చారు, ఓడ మీద పనిచేసి రిటైరయినాయన. సీకో లార్డ్ మ్యాటిక్ తెచ్చారు, కోబేలో దిగినప్పుడు కొన్నదట. వారం ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క జపాను అక్షరం. డయల్ మీద బూజులాంటి పొర ఉంది. నేను దూదిని పెట్రోల్లో ముంచి తుడిచాను, మిషన్ పళ్లచక్రాలు తుడిచినట్టే. ఒక్క రుద్దుకి దూది నల్లగా వచ్చింది. చూస్తే అతికించిన లోహపు అక్షరాలు నిలిచాయి, కింద అచ్చు వేసిన చిన్న అక్షరాలు సగం పోయాయి. భయపడి, ఆయనకి చెప్పకుండా డయల్ రంగు వేయించాను, కేసు కూడా బఫ్ చక్రం, అంటే పాలిష్ చక్రం మీద పెట్టించాను, తళతళలాడితే కనిపెట్టరని. ఆయన వచ్చి చేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. "బాబూ, నాది ఎవరికన్నా ఇచ్చేశావా?" అన్నారు. అప్పుడు నిజం చెప్పాను. ఆయన డబ్బులిచ్చే వెళ్లారు. ఆ రోజు నుంచి డయల్ మీద తడి గుడ్డ పెట్టలేదు. దుమ్ముంటే గాలి బుడ్డితో ఊదుతాను, అంతే.

నీలికాలువ గారూ, మీ మావయ్య వాచీ మీరు హాయిగా పెట్టుకోండి, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ అంచులు గుండ్రంగా అయ్యాయని మీరే అన్నారు చూశారా, పోయిన లోహం మళ్లీ పెట్టలేం. సీకో కేసు అందమంతా ఆ అంచులోనే ఉంటుంది. పైన సన్నగా గీతలు తీసిన ముఖం, పక్కన అద్దంలాంటి ముఖం, రెండూ కలిసేచోట కత్తి అంచులా ఒక గీత. బఫ్ చక్రం ముందు పోగొట్టేది ఆ గీతనే. కొనేటప్పుడు నేను మొట్టమొదట వేలితో తడిమేది అక్కడే.

మిషన్ గురించి. మూడు గంటలకి ఆగిపోతోందంటే నూనె ఎండి బంకగా మారింది. దానికి విప్పి కడిగి, కొత్త నూనె పెట్టడం తప్ప వేరే మందు లేదు. ఎవరైనా మూత తీసి పైనుంచి నూనె చుక్క వేస్తానంటే వద్దనండి, హెయిర్ స్ప్రింగు చుట్లు అతుక్కుపోయి వాచీ గంటకి పది నిమిషాలు ముందుకి పరిగెడుతుంది. విప్పినప్పుడు మీరూ పక్కన కూర్చుని రోటర్ కింద, అంటే చెయ్యి కదిలితే తిరిగే బరువు బిళ్ల కింద చూడండి. రెండు కాళ్ల లీవరు ఒకటి కనబడుతుంది, ఒక కాలు కొక్కెంలా లాగుతుంది, రెండోది నెడుతుంది. అందుకే రోటర్ ఎటు తిరిగినా స్ప్రింగు బిగుస్తుంది. మ్యాజిక్ లీవర్ అంటారు, 1959లో సువా ఫ్యాక్టరీలో చేశారు. ఇంత చిన్న ముక్కతో ఇంత పని చేయించడం, ఇన్నేళ్లయినా నాకు దాన్ని చూస్తుంటే ముచ్చటేస్తుంది. వెనక మూత లోపలివైపు గుండ్రంగా మెరిసే గీత పడి ఉంటే రోటర్ వదులై రాసుకుంటోందని అర్థం, అది కూడా సరిచేయించండి.

కడిగాక గంటకి 21,600 దెబ్బలు కొట్టాలి, సెకనుకి ఆరు. జనతా 18,000, సెకనుకి ఐదు. చెవి దగ్గర రెండూ పెట్టి వినండి, తేడా తెలుస్తుంది. పూర్తిగా నిండితే చేతి నుంచి తీసి పెట్టినా రోజున్నర నడవాలి.

గ్లాసు మార్చుకోవచ్చు. జనతా గ్లాసు ప్లాస్టిక్, పేస్టు పెట్టి రుద్దితే గీతలు పోతాయి. సీకోది హార్డ్‌లెక్స్ గాజు, రుద్ది లాభం లేదు. పాత గ్లాసు మాత్రం అడిగి తెచ్చుకుని పొట్లం కట్టి పెట్టండి. రబ్బరు రింగు తప్పకుండా కొత్తది వేయించండి, అది పాతబడితే తారులా కరిగి లోపలికి దిగుతుంది. ఆ నల్ల మచ్చ దారి కూడా చెమట తేమే అయ్యుంటుంది, ఎండలో పనిచేసిన చెయ్యి కదండీ. అది ఉండనివ్వండి.

ఖరీదు అడగలేదు గానీ చెబుతాను. 7009 అరుదైన వాచీ కాదు. డయల్ అసలుది, అంచులు బతికి ఉన్నవి నా చేతి మీదుగా మూడు, మూడున్నర వేలకి వెళ్లాయి. రంగు వేశాక సగం కూడా రాదు.


ఎర్రమట్టి, జగిత్యాల

సార్, మీరు ఇంత ఓపికతోని రాసినందుకు ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. మా బిడ్డ సైన్సు బాక్సుల భూతద్దం ఉంటే దానితోని చూసిన. ఆరు గంటల కింద 7009 అని ఉన్నది సార్. అక్షరాలు సన్నగ, సాఫుగ ఉన్నయ్. మూత మారలేదు అన్నట్టే కదా. అంటే 1984.

డయల్ వేయించుడు బంద్. నారింజ దాని ఆయనను కింది ఫొటో అడిగితే "కొంటే కొను లేకుంటే లేదు" అన్నడు. ఇడిసిపెట్టిన.

ఒక చిన్న ముచ్చట. వారం అరబ్బీల ఉన్నది, దాన్ని ఇంగ్లీషుకు మార్చుకోవచ్చునా? నాకు ఆ అక్షరాలు రావు.


రిపేరుబల్ల, విజయవాడ

మార్చుకోవచ్చండి. కీ ఒక్క మెట్టు బయటికి లాగి ఒక వైపు తిప్పితే తేదీ, రెండో వైపు తిప్పితే వారం కదులుతుంది. వారం చక్రం మీద పద్నాలుగు గళ్లుంటాయి, ఒక్కో వారం రెండు భాషల్లో. మీరు ఒక్క గడి జరిపితే భాష మారుతుంది. ఆ తర్వాత ప్రతి అర్ధరాత్రి అది రెండేసి గళ్లు దూకుతుంది కాబట్టి మీరు పెట్టిన భాషలోనే ఉంటుంది. పన్నెండు దాటాక కాసేపు రెండో భాష కనబడి పోతుంది, కంగారుపడకండి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు నాలుగు దాకా మాత్రం ఇది చేయొద్దు. ఆ టైములో తేదీ మార్చే పళ్లు పట్టుకుని ఉంటాయి, బలవంతంగా తిప్పితే విరుగుతాయి.


మూడోముల్లు, టోక్యో

మాది అనంతపురం, ఇక్కడ పనిచేయబట్టి తొమ్మిదేళ్లు. రిపేరుబల్ల గారు చెప్పినదానికి ఇక్కడినుంచి ఒకటి రెండు కలుపుతాను.

ఎర్రమట్టి గారూ, మీ నాన్నగారి వాచీ మాదిరిది నేను ఇక్కడ వెతికినా దొరకదు. ఇక్కడ పాత సీకోలకి వారం చక్రం ఇంగ్లీషు, కంజీ (జపాను అక్షరాలు). ఇంగ్లీషు, అరబ్బీ చక్రం గల్ఫ్ బజారుకి పంపినవాటికి పెట్టేవాళ్లు. కాబట్టి ఆ చక్రమే మీ వాచీకి చిరునామా. సర్వీసింగులో ఎవరైనా వేరే చక్రం వేస్తామంటే ఒప్పుకోవద్దు.

సేకరించాలని మనసు పడ్డది అన్నారు కదా. నేను సెలవుల్లో నకనో బ్రాడ్‌వే అని ఒక పాత షాపింగ్ భవనానికి పోతా ఉంటా, అక్కడ పాత వాచీల దుకాణాలు చాలా ఉన్నాయి. మొదటి ఏడాది ఏమీ కొనలేదు, ఊరికే చూసినా. అదే నాకు మేలు చేసింది. గాజు అల్మరాలో పాలిష్ కొట్టని కింగ్ సీకో (సీకో వాళ్ల ఖరీదైన రకం) పక్కన పాలిష్ కొట్టిన కింగ్ సీకో పెట్టి ఉంటారు, ధర రెండింటికీ చాలా తేడా. రెండు నిమిషాలు చూస్తే ఎందుకో కంటికే తెలుస్తుంది. 1960లో సువా ఫ్యాక్టరీ గ్రాండ్ సీకో తీసింది. మరుసటేడు టోక్యోలోని దైని ఫ్యాక్టరీ కింగ్ సీకో తీసింది. ఒకే కంపెనీలో రెండు ఫ్యాక్టరీలు ఒకదానిమీద ఒకటి పోటీ పడ్డాయి, ఆ పోటీలోంచే ఈ పదునైన అంచులు పుట్టాయి. ఆ కాలపు డయళ్ల మీద ఆరు గంటల దగ్గర సువా వాళ్లది సుడిగాలి లాంటి గుర్తు, దైని వాళ్లది మెరుపు లాంటి గుర్తు ఉంటుంది. కింగ్ సీకో వెనక మూతకి బంగారు రంగు బిళ్ల ఉంటుంది, అది చెమటకి తినిపోయిందా, రుద్ది అరగదీశారా అన్నది ముందు చూడాలి. దానిమీది గీతలు నిండుగా ఉంటే ఆ వాచీని తక్కువ వాడారని నమ్మొచ్చు.

ఇక్కడ పని చేయని వాచీలు "జంకు" అని బోర్డు పెట్టి అమ్ముతారు. తక్కువకి వస్తాయని మొదట్లో నాలుగు కొన్నా. ఒక్కోదానికి విడిభాగాలు వెతికేసరికి మంచి వాచీ ఒకటి కొనే డబ్బులు అయిపోయినాయి. పూర్తిగా ఉన్నది ఒకటే కొనండి, ఆలస్యమైనా సరే.


పసుపుడయల్, హైదరాబాదు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకు ఒకరు సీకో పోగ్ వాచీ 18,000కి ఇస్తామంటున్నారు. పసుపు డయల్, 6139-6005. జుమ్మేరాత్ బజార్‌లో దొరికిందట. నాసా వ్యోమగామి పెట్టుకున్న మోడలని చెబుతున్నారు. స్టాప్ వాచ్ ముల్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంది, అది పాడైనట్టా? ఎక్కడ చూడాలి?


రిపేరుబల్ల, విజయవాడ

మోడల్ సంగతి నిజమేనండి. విలియం పోగ్ గారు 1973 నవంబరులో స్కైల్యాబ్ 4 అంతరిక్ష యాత్రకి వెళ్లి 84 రోజులుండి వచ్చారు, సొంత 6139 వెంట తీసుకెళ్లి అక్కడ పెట్టుకున్నారు. ఆ పేరు వల్లే ధర పెరిగింది, ధర వల్లే నకలు డయళ్లు పుట్టాయి.

ముల్లు తిరగడం చెడిపోవడం కాదు. 6139కి మామూలు సెకన్ల ముల్లు లేదు. వాచీ నడుస్తోందని తెలియాలంటే స్టాప్ వాచ్ ముల్లు తిప్పి వదలాలి, చాలామంది అలాగే వదిలేస్తారు. పై బటన్ నొక్కితే అది ఆగాలి, కింది బటన్ నొక్కితే సరిగ్గా పన్నెండు మీదికి ఎగిరి రావాలి. ఒక నిమిషం పక్కకి వచ్చినా లోపల పని ఉంది. ఆరు గంటల దగ్గరి చిన్న డయల్ ముప్పై నిమిషాలు లెక్కపెడుతుంది, అరగంట నడిపించి అది కదులుతోందో లేదో చూడండి. అరగంట కూర్చోనివ్వని అమ్మకందారు దగ్గర కొనొద్దు. కీ తిప్పితే డయల్ చుట్టూ లోపలి వలయం తిరగాలి. దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం అరిగిపోవడం చాలా చూశాను, కీ తిరుగుతుంది, వలయం కదలదు. కీ నెమ్మదిగా లోపలికి సగం నొక్కితే తేదీ, పూర్తిగా నొక్కితే వారం మారాలి.

డయల్ మీది మాటలూ వెనక మూత మీది మాటలూ ఒకే కాలానివి కావాలి. 1970 చుట్టుపక్కల సీకో వాటర్ ప్రూఫ్ అన్న మాట మాని వాటర్ రెసిస్ట్ అని వేయడం మొదలుపెట్టింది. డయల్ మీద ప్రూఫ్ అని ఉండి వెనక సీరియల్ 1976 అని చెబితే రెండు వాచీలు కలిపారన్నమాట. ఇక పసుపు. నిజమైన డయల్ యాభై ఏళ్లలో తేనె రంగుకి దగ్గరగా దిగుతుంది, అంచుల దగ్గర కాస్త ముదురుతుంది. నిమ్మకాయలా ఒకటే పసుపు ఉండి, ముళ్ల మీది చీకట్లో మెరిసే పూత మాత్రం గోధుమ రంగుకి తిరిగి ఉంటే ఆగండి, ముళ్లు పాతవి, డయల్ కొత్తది. పోనీ ఫొటోలు పెట్టండి, చూసి చెబుతాను.


పసుపుడయల్, హైదరాబాదు

వెళ్లి చూశానండి. పసుపు అచ్చం మీరన్నట్టు నిమ్మకాయ రంగు. కీ ఎంత తిప్పినా వలయం కదల్లేదు. డయల్ కొత్తది వేశారా అని అడిగితే "అందరూ అలాగే అమ్ముతారు" అన్నారు. నా 18,000 మిగిలాయి. ఫొటోలు పెట్టే పని కూడా లేదు.


ఎర్రమట్టి, జగిత్యాల

మూడు వారాలైంది, ఏమైందో చెప్పాల్నని వచ్చిన.

కరీంనగర్‌ల కాకుండ జగిత్యాలలనే ఒక ముసలాయన ఉన్నడని తెలిసి పోయిన. "డయల్ ముట్టద్దు, పాలిష్ వద్దు, మిషన్ కడిగి నూనె పెట్టు, రబ్బరు రింగు, గ్లాసు మార్చు" అని చెప్పిన. ఆయన నవ్వి "గట్లనే చేస్త, ఇట్ల చెప్పేటోళ్లు ఇప్పుడు లేరు" అన్నడు. పక్కన కూసోని చూసిన సార్. రోటర్ తీసినంక ఆ రెండు కాళ్ల లీవరు చూపించిండు, గోరంత కూడ లేదు. రబ్బరు రింగు పట్టకారుతోని తీస్తుంటే బంక లెక్క సాగింది. 850 తీసుకున్నడు. పాత గ్లాసు పొట్లంల తెచ్చుకున్న. మొన్న రాత్రి తీసి బల్ల మీద పెడితే తెల్లారి, ఆ పొద్దంత నడిచి, మళ్ల రాత్రి పదింటికి ఆగింది.

1984 ముచ్చట అమ్మను అడిగిన. జర సేపు మాట్లాడలే. తర్వాత చెప్పింది. మొదటి జీతంతోని కొన్న వాచీ వేరేదట. 1981ల సెలవు మీద వచ్చినప్పుడు మా మేనత్త పెండ్లికి కట్నం తక్కువబడితే ఆ వాచీ పెండ్లికొడుకు చేతికి పెట్టిండట బాపు. నాలుగేండ్లు వాచీ లేకుండనే ఉన్నడట. 85ల వచ్చినప్పుడు ఇది తెచ్చిండు. మేనత్త ముంగట ఆ మాట రావద్దని, ఎవరడిగినా ఇదే మొదటి జీతం వాచీ అని చెప్పేటోడట. మేనత్త కూడ పోయి ఆరేండ్లు, అందుకే అమ్మ చెప్పింది.

వారం ఇంగ్లీషుకు మారుద్దామని కీ లాగుతుంటే అమ్మ వద్దన్నది. బాపుకు ఇంగ్లీషు రాదు, అరబ్బీ రాదు. కని ఏడింట్ల ఒక్కటి గుర్తుపడుతుండె, శుక్రవారం. జుమ్మా నాడు పని బంద్, ఆ దినమే ఇంటికి ఉత్తరం రాయించేటోడు. ఆ అక్షరం ఎట్లుంటదో అమ్మకు కూడ చూపించి పెట్టిండట. ఇయ్యాల శుక్రవారం. పొద్దుగాల వాచీ తీసి చూపెడితే వేలు పెట్టి "ఇగో ఇదే" అన్నది.